చలికొండల మీద నాలుగు గుడ్లు

వేసవి దుక్కుల కాలంలో పొలం గట్టున నడుస్తున్నప్పుడు ఒక పిట్ట ఉన్నట్టుండి నేల మీంచి లేచి, మీ నెత్తిమీద చక్కర్లు కొడుతూ చెవులు గింగురుమనేలా అరవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే తీతువు పిట్ట. పంచతంత్రంలో సముద్రంతో తగవు పెట్టుకున్న టిట్టిభ దంపతులు ఈ పిట్టలే. రాత్రిపూట తీతువు కూస్తే ఊరికి కీడని కొందరు పెద్దలు భయపడుతుంటారు. కాని పాపం, ఆ పిట్టకు మన మంచిచెడులతో పని లేదు. "ఇక్కడ నా గుడ్లున్నాయి, దూరంగా పో" అన్నదే దాని కూతకు అర్థం.

ఆ గుడ్లు ఎక్కడుంటాయో తెలుసా? చెట్టుమీద కాదు, పొదలో కాదు. ఉత్త నేలమీద, మట్టిబెడ్డల నడుమ చిన్న గుంటలో. ఎన్ని? దాదాపు ఎప్పుడూ నాలుగే.

కాకి చెట్టు కొమ్మన గూడు కడుతుంది. గిజిగాడు ఈతాకు చివర ఊయల లాంటి గూడు అల్లుతుంది. మరి ఈ పిట్ట నక్కలూ కుక్కలూ తిరిగే నేలమీద ఎందుకు గుడ్లు పెడుతుంది? ఎప్పుడూ నాలుగే ఎందుకు? ఈ ప్రశ్నలకు జవాబులు వెదకడానికి మనం చాలా దూరం, ఉత్తరాన ఉన్న చలికొండలకు వెళ్లాలి. తీతువు చుట్టాలైన పొడుగుకాళ్ల పిట్టలను శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లుగా ఓపికగా గమనిస్తున్న చోటు అది.

స్పాంజి లాంటి నేల

ఇంగ్లండు ఉత్తర భాగంలో వెన్నెముకలా పెన్నైన్ కొండల వరస ఉంది. ఇందులో అన్నిటికంటె ఎత్తయిన క్రాస్ ఫెల్ శిఖరం ఎత్తు 893 మీటర్లు. మన తూర్పు కనుమలతో పోలిస్తే ఇది గొప్ప ఎత్తేమీ కాదు. కాని హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటే, ఈ కొండలు 54 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అందుచేత అక్కడ చలి, వాన, మంచు, ఈదురుగాలి ఎక్కువ. కొండల నెత్తిన చెట్లు అరుదు. హెదర్ అనే పొట్టి పొద, దూది పువ్వులు పూసే గడ్డి, స్ఫాగ్నం అనే నాచు మాత్రం విరివిగా పెరుగుతాయి.

అక్కడి నేల చిత్రమైనది. నీరు నిలిచిన చోట చచ్చిన నాచు పూర్తిగా కుళ్లదు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ, వేల ఏళ్లకు మీటర్ల మందాన నల్లటి పొరగా తయారవుతుంది. దీన్ని పీట్ అంటారు. కాలు వేస్తే తడిసిన స్పాంజిలా దిగబడుతుంది.

శీతకాలంలో ఈ కొండల మీద పిట్టల కూత వినిపించడమే అరుదు. వసంతం రాగానే సముద్రతీరాల నుంచీ పల్లపు పొలాల నుంచీ అతిథులు బయలుదేరి వస్తారు. వంపు తిరిగిన పొడవాటి ముక్కున్న కర్లూ, వీపున బంగారు చుక్కలున్న గోల్డెన్ ప్లోవర్, గోరింక కంటె చిన్నదైన డన్లిన్, తలమీద కుచ్చున్న ల్యాప్‌వింగ్, మనవాళ్లు ఉల్లంకి పిట్ట అనే స్నైప్ వీటిలో ముఖ్యమైనవి. ల్యాప్‌వింగ్ మన తీతువుకు దగ్గరి చుట్టం. ఇవన్నీ బురదలోనూ, లోతులేని నీళ్లలోనూ నడుస్తూ మేత వెదుక్కునే పిట్టలు.

తీరంలో మేత దొరుకుతుంటే కొండకెందుకు రావాలి? పిల్లల కోసం. జూన్ నెలలో ఆ ప్రాంతంలో పగలు సుమారు 17 గంటలు. అంటే పిల్లలకు మేత వెదుక్కునే వేళ ఎక్కువ. పైగా అదే సమయంలో తడినేల నుంచి కోట్లాది పురుగులు బయటికి వస్తాయి. చెట్లు లేనందువల్ల శత్రువు దూరం నుంచే కనిపిస్తుంది. చెట్లే లేని చోట గూడు కట్టడానికి కొమ్మ ఎక్కడుంటుంది? అందుకే నేలమీద గుంట చాలు!

తోకతో పాడే పిట్ట

కొండకు చేరిన మగపిట్ట మొదట తన హద్దు ప్రకటిస్తుంది. మగ కర్లూ రెక్కలు టపటప కొట్టుకుంటూ పైకి లేచి, రెక్కలు చాచి మెల్లగా తేలుతూ దిగుతుంది. దిగేటప్పుడు నీళ్లు బుడగలు పొంగుతున్నట్టు గొంతు ఎత్తుకుంటూ పాడుతుంది. మగ ల్యాప్‌వింగ్ గాలిలో పిల్లిమొగ్గలు వేస్తుంది.

అందరిలోకీ వింత ఉల్లంకి పిట్టది. అది ఎత్తుకు ఎగిరి, తోక విప్పి కిందికి దూకుతుంది. తోకకు రెండు అంచులనా ఉన్న ఈకలు గాలి ఒరిపిడికి కంపించి, మేక అరిచినట్టు శబ్దం వస్తుంది. కంపించే వస్తువు నుంచి ధ్వని పుడుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు కదా! ఫిన్లాండు ప్రజలు ఈ పిట్టను "ఆకాశపు మేక" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

తర్వాత మగపిట్ట రొమ్ముతో నేలను ఒత్తి, కాళ్లతో గీకి అక్కడక్కడ కొన్ని గుంటలు చేస్తుంది. ఆడపిట్ట వాటిలో ఒకటి ఎంచుకుని, నాలుగు గడ్డిపోచలు పరిచి గుడ్లు పెడుతుంది.

నాలుగే ఎందుకు?

ఈ గుడ్లు కోడిగుడ్డులా కాక, బొంగరంలా ఒక కొస బాగా సన్నగా ఉంటాయి. సన్నటి కొసలు నాలుగూ మధ్యకు తిప్పి పేర్చితే సందులేకుండా చక్కగా అమరిపోతాయి. పొదిగే పిట్ట పొట్టమీద కొంతమేర ఈకలు ఊడిపోయి చర్మం బయటపడుతుంది. ఆ చర్మం వేడే గుడ్లకు తగలాలి. నాలుగు గుడ్లయితే అన్నిటికీ సమంగా తగులుతుంది. పరిశోధకులు కొన్ని గూళ్లలో అయిదో గుడ్డు చేర్చి చూసినప్పుడు పొదగడానికి ఎక్కువ రోజులు పట్టింది. నేలమీద గూటికి ఒక్కొక్క రోజూ ఒక గండమే కాబట్టి ఆలస్యం ప్రమాదం.

మరో సంగతి. ఈ గుడ్లు తల్లి శరీరంతో పోలిస్తే చాలా పెద్దవి. డన్లిన్ బరువు సుమారు 50 గ్రాములు. దాని గుడ్డు ఒక్కొక్కటి 10 గ్రాముల పైమాటే. అంటే నాలుగు గుడ్ల బరువు తల్లి బరువులో అయిదింట నాలుగు వంతులకు పైగా ఉంటుంది! ఎందుకింత పెద్ద గుడ్డు? పిచ్చుకపిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు కళ్లు తెరవని మాంసపు ముద్ద. ఈ పిట్టల పిల్ల అలా కాదు. ఒంటినిండా నూగుతో, కళ్లు తెరుచుకుని పుడుతుంది. నూగు ఆరగానే నడుస్తుంది. ఒక్క రోజులో గుంట విడిచి వెళ్లిపోతుంది. తన మేత తానే ఏరుకుంటుంది. గుడ్డులోనే అంతగా ఎదగాలంటే అందులో తగినంత చద్దిమూట ఉండాలి కదా!

ఎవరు పొదుగుతారు?

గోల్డెన్ ప్లోవర్ దంపతులు వంతులు వేసుకుంటారు. సాధారణంగా పగటి వంతు మగపిట్టది, రాత్రి వంతు ఆడపిట్టది. వంతు లేని పిట్ట కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్న పచ్చిక పొలాలకు ఎగిరిపోయి వానపాములు తిని వస్తుంది. కాబట్టి ఈ పిట్టకు కొండ ఒక్కటే చాలదు, కొండ కింది పొలం కూడా కావాలి. ఇలా నాలుగు వారాలు గడుస్తాయి.

ఉల్లంకి పిట్టలలో పొదిగేది ఆడపిట్ట ఒక్కటే. కాని పిల్లలు రాగానే సంసారం రెండు పాళ్లవుతుంది. మొదట పుట్టిన పిల్లలను తండ్రి వెంట తీసుకుపోతే, మిగిలినవాటిని తల్లి పెంచుతుంది. కర్లూ, డన్లిన్‌లలో ఇద్దరూ పొదుగుతారు. పిల్లలు ఎగరగలిగే లోగానే తల్లి తీరానికి వెళ్లిపోతుంది. చివరి దాకా కాపలా ఉండేది తండ్రే.

స్కాట్లండు శిఖరాల మీది డాటరెల్ పిట్ట ఇంకో అడుగు ముందుకు వేసింది. వీటిలో ఆడపిట్టకే రంగులు ఎక్కువ. పొందు కోసం ముందుకొచ్చేదీ ఆడదే. మూడు గుడ్లు పెట్టి అది తన దారిన పోతే, పొదిగి పెంచే బాధ్యత దాదాపు అంతా మగపిట్టదే.

దొంగల కళ్లు కప్పడం

నక్క, కాకి, స్టోట్ అనే ముంగిసంత జంతువు గుడ్ల కోసం గాలిస్తుంటాయి. గుడ్ల పెంకుమీద మచ్చలు, పిట్ట వీపుమీద చుక్కలు నేలరంగులో కలిసిపోతాయి. పిల్లలు పుట్టగానే తల్లో తండ్రో పెంకుముక్కలను ముక్కున కరచి దూరంగా పడేస్తుంది. పెంకు లోపలి తెలుపు కాకికి సూచన అవుతుంది మరి. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న నీకో టిన్‌బర్గెన్ సముద్రపు గల్ పక్షులతో ప్రయోగం చేసి ఈ విషయం రుజువు చేశాడు. విరిగిన పెంకు పక్కన ఉంచిన గుడ్లను దొంగలు త్వరగా పసిగట్టాయి.

కంటిని మోసం చేయవచ్చు. మరి వాసన పట్టే నక్క ముక్కును? పిట్టలు తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి వచ్చే మైనాన్ని ఈకలకు పూసుకుంటాయి. డన్లిన్, కర్లూ ఉన్న కుటుంబంలో చాలా పిట్టలు గుడ్లు పొదిగే కాలంలో ఈ మైనం రసాయన స్వభావాన్నే మార్చేస్తాయి. కొత్త మైనం అణువులు బరువైనవి, త్వరగా ఆవిరి కావు. నెదర్లాండ్సు పరిశోధకులు వాసన పట్టడంలో శిక్షణ పొందిన కుక్కతో పరీక్షించి, పాత మైనం కంటె కొత్త మైనాన్ని కనిపెట్టడం దానికి కష్టమని 2005లో ప్రకటించారు. తన వాసనను తానే దాచుకునే పిట్టన్నమాట!

అప్పటికీ శత్రువు దగ్గరికి వస్తే చివరి ఉపాయం నాటకం. రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంటూ పోయి నక్కను దూరానికి లాక్కుపోతుంది. గుడ్లకు ప్రమాదం తప్పిందనగానే చటుక్కున ఎగిరిపోతుంది.

రెండేళ్ల చిక్కుముడి

పిల్ల తన మేత తానే ఏరుకుంటుందన్నాం. కాని దాని ఒంట్లో వేడి నిలవదు. చలి వేసినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి తల్లిదండ్రుల రెక్కల కింద దూరాలి. వాన కురిసిన రోజు రెక్కల కిందే గడిపితే ఆకలి, బయటికి వెళితే చలి. అందుకే మేత దగ్గరలో, దండిగా ఉండాలి.

గోల్డెన్ ప్లోవర్ పిల్లలకు ఆ మేత చాలావరకు క్రేన్ ఈగ. ఇది పెద్ద దోమలా పొడుగు కాళ్లతో ఉంటుంది కాని కుట్టదు. మే చివరా జూన్‌లోనూ పీట్ నేలలోంచి గుంపులుగా బయటికి వచ్చి, కొద్ది రోజులే బతికి, గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్ల నుంచి వచ్చిన డింభకాలు వచ్చే వసంతం దాకా తడి పీట్‌లోనే పెరుగుతాయి.

పెన్నైన్ కొండల దక్షిణ కొసన ఉన్న పీక్ డిస్ట్రిక్ట్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు డెరెక్ యాల్డెన్ 1970ల నుంచి గోల్డెన్ ప్లోవర్లను లెక్కపెడుతూ వచ్చాడు. ఆ లెక్కలను ఉష్ణోగ్రతలతో పోల్చి చూసిన జేమ్స్ పియర్స్-హిగ్గిన్స్, అతని సహచరులు 2010లో ఒక విచిత్రం వెల్లడించారు. ఏ ఏడాది ఆగస్టు నెల బాగా వేడిగా ఉంటుందో, దానికి రెండేళ్ల తర్వాత పిట్టల సంఖ్య తగ్గుతోంది!

పిట్టలేమో జులై, ఆగస్టు నాటికి కొండ దిగి పోతాయి. మరి తాము లేనప్పటి ఎండ వాటినెలా దెబ్బతీస్తుంది? అదీ వెంటనే కాకుండా రెండేళ్లు ఆగి? చదవడం ఒక్క నిమిషం ఆపి, మీరే ఆలోచించండి.

జవాబు ఇది. ఆగస్టులో క్రేన్ ఈగ డింభకాలు చాలా చిన్నవి. ఎండకు పీట్ పైపొర ఆరిపోతే అవి చచ్చిపోతాయి. వచ్చే వసంతానికి ఈగలు తక్కువ. పిట్టలు మామూలుగానే గుడ్లు పెడతాయి, పిల్లలూ పుడతాయి, కాని మేత చాలక చాలా పిల్లలు చనిపోతాయి. ఆ పిల్లలే బతికి ఉంటే ఆ తర్వాతి ఏడాది పెద్ద పిట్టలై కొండకు తిరిగి రావాలి. రాలేదు. అందుకే దెబ్బ రెండేళ్లకు కనిపించింది. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఈ చిక్కుముడి విప్పడం ఎంత ముఖ్యమో మీరే ఊహించండి.

అర పిల్ల లెక్క

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. కర్లూ దీర్ఘాయువు గల పిట్ట. కాలికి ఉంగరం తొడిగి వదిలిన ఒక కర్లూ 30 ఏళ్లకు పైగా బతికింది. పెద్ద పిట్టలు చాలాకాలం బతుకుతాయి కనుక, వీటి సంఖ్య తగ్గకుండా ఉండాలంటే జంటకు ఏడాదికి సుమారు అర పిల్ల ఎగిరే దశకు చేరితే చాలునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అర పిల్ల అంటే? రెండు జంటలు కలిసి 8 గుడ్లు పెడితే ఒక్క పిల్ల బతకాలి. అంతే.

చిత్రమేమంటే, బ్రిటన్‌లో చాలాచోట్ల ఆ ఒక్క పిల్ల కూడా బతకడం లేదు. 1990ల నడుమ నుంచి అక్కడి కర్లూలు సుమారు సగానికి తగ్గాయి. ప్రపంచంలో గుడ్లు పెట్టే కర్లూలలో నాలుగో వంతు దాకా బ్రిటన్‌లోనివే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2015లో వీటిని ఆ దేశపు పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. ఇందులో ఒక మోసం దాగి ఉంది. పెద్ద పిట్టలు ఏటా వచ్చి కూస్తూనే ఉంటాయి. వినేవాళ్లు "అంతా బాగానే ఉంది" అనుకుంటారు. పిల్లలు లేని ఊళ్లో ముసలివాళ్ల మాటలు వినిపించినట్టే అది.

కారణాలు ఒకటి కాదు. మేతభూమి పెంచాలని 1960, 70లలో ప్రభుత్వ సహాయంతో పీట్ నేలల్లో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వి నీరు దించేశారు. స్కాట్లండు ఉత్తరాన ఉన్న ఫ్లో కంట్రీలో, పన్ను రాయితీలు లభించడంతో, 1980లలో పెద్ద ఎత్తున దేవదారు జాతి చెట్లు నాటారు. చెట్లు నాటడం మంచిదే కదా అంటారేమో! చెట్లు లేకపోవడమే ఈ పిట్టలకు రక్ష. తోట అంచు నుంచి సుమారు 700 మీటర్ల దాకా డన్లిన్, గోల్డెన్ ప్లోవర్ల సంఖ్య తగ్గినట్టు తేలింది. నక్కకూ కాకికీ ఆ తోటలే ఆశ్రయం.

పరిష్కారాలూ ప్రయోగాల వల్లనే దొరుకుతున్నాయి. నార్తంబర్లండులోని ఆటర్‌బర్న్ దగ్గర 2000 నుంచి 2008 దాకా కొన్ని భూఖండాలలో నక్కలను, కాకులను, స్టోట్‌లను తగ్గించి, కొన్నింటిలో అలాగే వదిలి పోల్చి చూశారు. తగ్గించిన చోట కర్లూ, ల్యాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్ వంటి నేలగూటి పిట్టలు పిల్లలను పెంచుకోవడంలో సగటున మూడింతలు సఫలమయ్యాయి. ఒక జంతువు కోసం మరో జంతువును చంపవచ్చునా అని అక్కడ వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి.

పీట్ కాలువలకు అడ్డుకట్టలు వేయడం మాత్రం ఎవరినీ చంపని పద్ధతి. నీరు నిలిచిన చోట క్రేన్ ఈగలు పెరిగినట్టు కనిపించింది. 1965లో తెరిచిన పెన్నైన్ వే అనే కాలిబాట సంగతి ఇంకా సులువైనది. బురద తప్పించుకోవడానికి జనం బాట విడిచి అటూ ఇటూ నడిచేవారు. గోల్డెన్ ప్లోవర్లు బాటకు 200 మీటర్ల దాకా పిల్లలను రానిచ్చేవి కావు. 1990లలో బాట మీద రాతిపలకలు పరిచారు. మూతబడిన నూలు మిల్లుల గచ్చు నుంచి తీసిన పలకలు కూడా ఇలాంటి బాటలకు వాడారు. జనం పలకల మీదే నడవసాగారు. పిట్టలు సుమారు 50 మీటర్ల దాకా దగ్గరికి వచ్చాయి!

మన తీరానికి వచ్చే చుట్టాలు

శీతకాలంలో పులికాట్ సరస్సుకో, కాకినాడ దగ్గరి కోరింగ తీరానికో వెళితే బురదలో ముక్కు గుచ్చుతూ నడిచే కర్లూలను మీరూ చూడవచ్చు. ఇవి పెన్నైన్ కొండల నుంచి వచ్చినవి కావు. రష్యా, మధ్య ఆసియా గడ్డిభూముల్లో పుట్టినవి. వాటితోపాటు కనిపించే పిచ్చుకంత లిటిల్ స్టింట్ ధ్రువప్రాంతపు సైబీరియా నుంచి వస్తుంది. మనం వాటి శీతకాలపు విడిది చూస్తాం. పురిటిల్లు మనకు కనిపించదు.

పురిటిల్లు తెలియకపోతే ఏమవుతుందో చెప్పే విషాద కథ ఒకటి ఉంది. సన్నముక్కు కర్లూ అనే మరో జాతి పిట్ట గూళ్లను చూసి వివరంగా రాసినవాడు ఒక్కడే. సైబీరియాలోని తారా పట్టణం దగ్గర, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, ఉషకోవ్ అనే రష్యన్. ఆ తర్వాత ఎంతమంది వెదికినా గూడు దొరకలేదు. ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలియనప్పుడు ఎక్కడ కాపాడాలి? 1995 ఫిబ్రవరిలో మొరాకో తీరంలో కనిపించడమే చివరిసారి. ఇక ఆ జాతి లేదని 2024లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఈ వేసవిలో మీ ఊరి దుక్కిలో తీతువు అరిస్తే భయపడకండి. దూరంగా గట్టుమీదే కూర్చుని చూడండి. గుడ్లను తాకవద్దు, దగ్గరికి పోయి కాకికి దారి చూపవద్దు. ఏ తేదీన చూశారు, గుడ్లెన్ని, ఎవరు పొదుగుతున్నారు, వంతు ఎప్పుడు మారింది, మండుటెండలో పిట్ట నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటోందా అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పొలం దున్నే రైతుకు చెబితే ఆ జానెడు నేల వదిలి నాగలి పక్కకు తిప్పుతాడు. యాల్డెన్ చేసిందీ మొదట ఇంతే. ఏటేటా వెళ్లి, చూసి, లెక్కపెట్టి రాసుకున్నాడు.